ఎడమ కాలు

నిద్రలో మా ఆయన ఎడమ కాలు
నా పిక్క మీద క్లచ్చు తొక్కుతాది.
ముప్ఫై ఒక్క ఏండ్లు కడప డిపోలో పనిచేసిన కాలు.
రిటైరైన సంగతి దానికి
ఎవరూ కాగితం మీద రాసియ్యలేదు.

చీకట్లో పండుకోని లెక్కేస్తాంటా.
రెండు తొక్కులు దగ్గర దగ్గర పడితే
రాయచోటి బస్టాండులో బస్సు ఎనక్కి తీస్తాండాడు.
చానాసేపు కదలకపోతే
రామాపురం దాటినాక తిన్నటి రోడ్డు.
నొక్కి, సగం ఇడిచి, మళ్ళా నొక్కితే
గువ్వలచెరువు ఘాటు,
ఎదురుగా సిమెంటు లారీ.

ఆ కాలికే మోకాలు అరిగింది.
"ఎముకల నడుమ గుజ్జు లేదు పెద్దాయనా,
ఇంక క్లచ్చు మాట మర్చిపో" అనింది డాక్టరమ్మ.
ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టుకోని
ఎరగని ఊరి రూటు మాదిరి చూసినాడు.

కారు కావాలనింది నేను.
ముగ్గురు ఆడోళ్ళను పెట్టుకోని
బడిపిల్లోల్ల యూనిఫారాలు కుట్టిస్తా.
పెండ్లిమర్రికి, వేంపల్లెకు
ఆటోల్లో మూటలు మోసి మోసి
నడుము నాది కాకుండా పోయింది.

షోరూములో ఓబులేసని ఒక పిల్లోడు.
"ఇది ఆటోమేటిక్ సార్,
గేర్లు దానికదే మార్చుకుంటాది.
మీ ఎడమ కాలికి పనే లేదు."

పనే లేదు.
ఆ పిల్లోనికి ఏం తెలుసు, ఏమన్నాడో.

"పని లేని కాలు యాడ పెట్టుకోవాలబ్బా?"
"ఈడ సార్" అని చూపించినాడు.
దానికీ ఒక పెడలుండాది,
తొక్కితే ఏమీ కానిది.

ఇంటికొచ్చినాక మూడు దినాలు అదే పంచాయితీ.
అరవై వేలు ఎక్కువ.
చెడిపోతే మన మెకానిక్కు బానెట్టెత్తి
దండం పెట్టి మూసేస్తాడు.
మాన్యువలైతే బండి మన చేతిలో ఉంటాది మాబున్నీ.
నేను సంగటి కెలుకుతా వింటాండా.
బండి చేతిలో ఉంటాది సరే,
మోకాలు ఎవరి చేతిలో ఉంటాది?

ఒకటి మాత్రం ఆయనకు చెప్పలేదు.
కుట్టుమిషనుకు మోటరు పెట్టించిన ఏడు
నా కాళ్ళు రెండూ ఆరు నెలలు
బల్ల కింద ఊరికే ఊగినాయి,
గుడ్డ లేకపోయినా, దారం లేకపోయినా.
అప్పుడు ఆయన డ్యూటీలో ఉండె.

నడిపి చూడమని బండి ఇచ్చినారు.
రింగురోడ్డులో స్పీడుబ్రేకరు కాడ
ఎడమ కాలు లేచి క్లచ్చు కోసం ఎతికింది.
దొరికింది బ్రేకు.
మోకు పట్టి గుంజిన ఎనుము మాదిరి
బండి నిలబడిపోయింది.
ఓబులేసు ఫోను ముందద్దానికి తగిలి
నా ఒళ్ళో పడింది.
ఎవరూ ఏమీ అనలేదు.
ఆయనే తలుపు తీసి, చుట్టూ తిరిగొచ్చి,
"నువ్వు కూర్చో" అన్నాడు.

సంతకం నేనే పెట్టినా.

నెల తిరిగినాక ఘాటెక్కినాం.
స్టీరింగు నాది, పక్క సీటు ఆయనది.
మూడో మలుపులో కండ్లు మూసుకోనే
"ఇప్పుడు రెండు" అన్నాడు.
బండి ఒక్క ఊపిరి సేపు ఆలోచించి
అప్పుడు దిగింది రెండుకు.
"చూసినావా? లేటు!"
ఇంక్రిమెంటు వచ్చిననాడు గూడా
అంత నవ్వు చూడలేదు నేను.
పైకొచ్చినాక పాలకోవా రెండు కేజీలు కొన్నాడు,
తినేది ఇద్దరమే అయినా.

తిరిగొచ్చేటప్పుడు దిగుడులో
ఆయన కాలికింది మ్యాటు
ముడతలు పడింది.

ఆ రాత్రి మళ్ళా తొక్కినాడు.
నొక్కి, సగం ఇడిచి, మళ్ళా నొక్కి.
మూడో మలుపు.
లారీ పోయిందాకా
నా కాలు ఆడనే ఉంచినా.